కేకు పెనం, పన్నెండు తూటాలు

మా ఆయన ఓస్వాల్డ్‌కి కాలం చెల్లిన తుపాకులంటే ప్రాణం. తుపాకుల పనికి పేరుపడ్డ మా ఊరు ఫెర్లాహ్‌లో మిగతా మేస్త్రీలు కొత్తవి చేసి అమ్ముకుంటుంటే, ఈయన దగ్గరికి తాతల నాటి వేట తుపాకులు వస్తాయి. వాటికి తూటాలు ఎక్కడా దొరకవు. ఈయన ఇప్పటి తూటాల ఇత్తడి గొట్టాలు తెచ్చి, కోసి, అచ్చుల్లో నొక్కి పాత కొలతకు తెస్తాడు. చిట్లకుండా మూతి కాల్చి మెత్తబరచాలి. అడుగు మాత్రం గట్టిగానే ఉండాలి, లేదంటే పేల్చినవాళ్ళ మొహం మీదే పగులుతుంది. అందుకే అడుగుకు వేడి తగలకుండా గొట్టాలను సగం దాకా నీళ్ళలో నిలబెట్టి కాలుస్తాడు. ఇత్తడి రంగు మారడం తెలియాలని కిటికీలు మూసుకుని చీకట్లో చేస్తాడు.

ఆ నీళ్ళకు వాడేది లోతుగా ఉండే నా కేకు పెనం. నలభై ఏళ్ళుగా మా కొట్లాట అదే.

చర్చి పండుగకు రెండు రోజుల ముందు, శుక్రవారం, పెనం తీసేసుకుని దాని చోట ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టాను. చెప్పలేదు. చెబితే ఇస్తాడా?

శనివారం పొద్దున మా పక్కింటి పిల్ల రోస్‌విఠ వచ్చింది. వాళ్ళ తాత తుపాకికి చేయించుకున్న పన్నెండు తూటాలు తీసుకుని కొండమేక వేటకు వెళ్ళింది. మధ్యాహ్నం నేను కేకు బోర్లిస్తుంటే ఈయన చూశాడు.

"ఇది నా పెనం కదే!"

"నీదేంటయ్యా, మా అమ్మ పెట్టింది."

"మరి నిన్న నేను దేంట్లో కాల్చాను?"

"పళ్ళెంలో. నీళ్ళు పోశాగా."

"ఎంత లోతు?"

వేలి మీద ఒక కణుపు చూపించాను. "అయితే అడుగులు కూడా కాలి మెత్తబడి ఉంటాయే!" అన్నాడు.

ఆ పిల్లని ఆపాలని వెంటనే బయల్దేరాం, కారు నేనే నడిపాను. కొండ మొదట్లో దిగామో లేదో, పైన తుపాకి పేలింది. "రోస్‌విఠా!" అని అరిచాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, నన్ను వదిలేసి పరుగెత్తాడు. దేవుడా, ఆ పిల్ల కన్ను ఉండాలి అనుకుంటూ వెనకే పడ్డాను.

బండ మీద కూర్చుని ఉంది. కనుబొమ మాడి, చెంప మీద రక్తం.

"తాతా, నీ తూటా నా మొహాన తుమ్మిందేంటి?"

"బాగున్న కన్ను మూసి ఇటు చూడు. వేళ్ళెన్ని?"

"మూడు. ఏమైంది?"

ఆయన కూలబడి ఏడ్చాడు. "తప్పు నాది తల్లీ," అన్నాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి నొక్కాడు. "నీళ్ళు చూసుకోవాల్సింది నేను."

మిగిలిన పదకొండూ వెనక్కి తీసుకున్నాడు.

పండుగలో నా కేకు బాగుందని ఊరంతా మెచ్చుకుంది. నేను మాత్రం ఒక్క ముక్క కూడా తినలేదు. పెనం తోమి ఆయన బల్ల మీద పెట్టేశాను. దాన్ని నేను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.