కట్టు ఉన్న పక్క

ఏడో తరగతిలోనే బడి మానేసినా, కుడి ఎడమలైనా నాకు తెలుసని ఒక ధైర్యం ఉండేది. కువైట్‌లో చాలా ఏళ్లు కారు నడిపి, ఆ చదువు కూడా పోగొట్టుకుని చిత్తూరు తిరిగొచ్చాను.

వచ్చిన వారానికే కొత్త బైకు కొని, కాణిపాకంలో పూజ చేయిద్దామని మా మామను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. దారి పొడవునా ఆయనకు ఒకటే పాఠం.

"కువైట్‌లో ఎవురి పక్కన వాళ్లు పోతారు మామా. మనోళ్లకు ఆ క్రమం యాడుండాది?"

మలుపు తిరిగేసరికి ఒక బస్సు సరిగ్గా నా మీదికే వస్తోంది. "నీ పక్కన పోబ్బా" అని అరిచాను. బస్సు ఆగింది. నేను ఆగలేక బైకుతో సహా చెరకుతోటలో పడ్డాను.

డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి, "నా పక్కనే పోతా ఉండానప్పా. నువ్వు యా దేశమోడివి?" అన్నాడు.

అప్పుడు వెలిగింది. కువైట్‌లో బండ్లు కుడివైపున పోతాయి. పాఠం చెబుతూ చెబుతూ నేనూ కుడివైపుకే వెళ్లిపోయాను.

మామకు గీత కూడా పడలేదు. నా ఎడమ చెయ్యి విరిగింది. పుత్తూరులో కట్టు కట్టించుకుని, "ఇంక ఊరికి బుద్ధులు చెప్పను మామా" అన్నాను.

"చెప్పుకోలే అల్లుడా. బండెక్కితే మాత్రం కట్టు యా పక్కుంటే ఆ పక్కనే పో" అన్నాడు.