కత్తిరాణికి కళ్లజోడు

ఆ పత్రికలో అందరూ ఆవిడను బొమ్మలక్క అనేవారు. రాక్షసులు, మంత్రగాళ్లు, నేలమాళిగలు, పాచికలు, ఇదీ ఆ పత్రిక సరుకు. నలుగురు స్నేహితులు బల్ల చుట్టూ చేరి, తలా ఒక వీరుణ్ణి ఊహించుకుని, పాచికలు వేస్తూ ఆడుకునే ఆటకు నెలనెలా కొత్త సాహసాలు అందులో వచ్చేవి. మొదటి సంచిక నుంచీ అట్ట మీది బొమ్మ బొమ్మలక్కదే. ఆ బొమ్మలో ఉండేది కత్తిరాణి. నల్లటి జడ, సన్నటి నడుము, ఎత్తిన కత్తి. పాతికేళ్లుగా డ్రాగన్లను నరుకుతూనే ఉంది, ఒక్క వెంట్రుక నెరిస్తే ఒట్టు.

బొమ్మలక్కకు మాత్రం తలంతా నెరిసింది. దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ బతికే రోజుల్లో ఆ పత్రికలో చేరిన మనిషి. దర్జీ కొట్టు పైన రెండు గదుల్లో, నర్సుగా పనిచేసి రిటైరైన అక్కతో కలిసి ఉండేది. కత్తి పట్టిన చెయ్యి గీయాల్సి వస్తే, వంటింట్లోంచి గరిటె తెచ్చుకుని వాష్‌బేసిన్ మీది అద్దం ముందు నిలబడేది. తన చేతినే చూసి గీసేది. ఏటేటా ఆ చేతి మీద తేలుతున్న నరాలను బొమ్మలోకి రానివ్వకుండా దాచేది. దాచి దాచి విసుగెత్తిపోయింది.

పాతికేళ్ల ప్రత్యేక సంచికకు ఇక దాచలేదు. కత్తిరాణి జుట్టు నెరిసింది, నడుము లావెక్కింది, మెడలో తాడుకి కళ్లజోడు వేలాడింది. కత్తి మాత్రం ఎప్పటి ఎత్తులోనే ఉంది.

అక్క ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ నడుం నాది కదే!"

"అడక్కుండా వాడుకున్నాను, తిట్టకు."

"తిట్టనులే. కత్తి కాస్త తేలికది ఇవ్వాల్సింది, పాపం."

పత్రిక యజమాని దాన్ని ఎలా ఒప్పుకున్నాడని అడుగుతారేమో. ఆయన ఒప్పుకోలేదు, అసలు గుర్తుపట్టలేదు! ఎవరో కొత్త మంత్రగత్తె అనుకుని, బాగుందని ప్రెస్సుకి పంపేశాడు. పాతికేళ్లు ఆ బొమ్మ మీద బతికిన మనిషి!

సంచిక బయటికి వెళ్లిందో లేదో, ఉత్తరాలు వచ్చి పడ్డాయి. "మా రాణికి ఏ శాపం తగిలింది? విరుగుడు ఏ సంచికలో?" అని ఒకరు. "ముసలావిడను చూడటానికి డబ్బు పోసి కొనాలా? మా ఇంట్లో మా అత్తగారున్నారు" అని ఇంకొకరు. "చదువుకునే రోజుల నుంచి నా గోడ మీద ఉన్న మనిషిని పొట్టన పెట్టుకున్నారు" అని మరొకాయన. ఒకావిడ మాత్రం, "కళ్లజోడు లేకపోతే నాకూ పాచిక మీద అంకె కనపడదు. అట్ట చింపి ఫ్రేము కట్టించాను" అని రాసింది. యజమాని ఆ ఒక్కటీ పక్కన పెట్టి, మిగతావన్నీ బొమ్మలక్క బల్ల మీద కుమ్మరించాడు.

"ఆదివారం పాఠకుల సభ ఉంది కదండీ. మీరు లేచి, అది శాపమనీ, వచ్చే నెలలో విరుగుడు దొరుకుతుందనీ చెప్పేయండి. పడుచుగా మళ్లీ గీసేస్తే గొడవ వదిలిపోతుంది."

"వయసు శాపమెలా అవుతుందండీ?"

"నాతో వాదన వద్దు. కాదంటే అట్ట ఇంకొకరికి ఇచ్చేస్తాను. నా చేత ఆ పని చేయించకండి."

ఆవిడకు భయం వేసింది. వేయదా మరి? చేతిలో ఇంకో పని లేదు. కత్తిరాణిని ఇంకెవరో గీస్తారంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. కానీ ఆ భయం కింద కోపం సలసలా కాగుతోంది, ఆదివారం దాకా చల్లారలేదు.

సభ జరిగిన హాలు నిండా బల్లలు, పాచికలు, రంగులేసిన చిన్న చిన్న బొమ్మలు. బొమ్మలక్క చేతికి మైకు ఇచ్చారు. ఆవిడ నోరు తెరవకముందే గడ్డం నెరిసిన ఒక బట్టతలాయన లేచి, "నా గోడ మీది మనిషిని నాకిచ్చేయండి!" అన్నాడు. ఉత్తరం రాసింది ఆయనే.

"ఇస్తాను గానీ, ఆటలో మీ వీరుడెవరండీ?"

"గొడ్డలివీరుడు. మొదటి సంచిక నుంచీ వాడే."

ఆ ఆటలో ఒక నియమం ఉంది. వార్షికోత్సవ సంచిక రాగానే ప్రతి ఒక్కరూ తమ వీరుడి వయసు ఒక ఏడాది పెంచి పాచిక వేయాలి. పడిన అంకెను బట్టి కాస్త బలం తగ్గుతుంది, కాస్త తెలివి పెరుగుతుంది. చూసేవాళ్లు లేకపోయినా ఎవరూ దాన్ని దాటేయరు. అది వాళ్ల మర్యాద.

"ఏటేటా వయసు పాచిక వేశారా?"

"వేయకుండా ఉంటానా?" ఆయనకు రోషం వచ్చింది. "ఒక మోకాలు పోయింది. ఎడమ చెవి వినపడదు. అయినా ముందు నడిచేది వాడే."

"అయితే విరుగుడు మందు పోసి కుర్రాణ్ణి చేసేద్దామా?"

"అదెలా చేస్తారండీ! వాడు తిన్న దెబ్బలన్నీ ఏమైపోవాలి?"

"మరి నా పిల్ల తిన్న దెబ్బలు?" బొమ్మలక్క గొంతు హాలంతా ఖంగుమంది. "మీరంతా పాచిక వేశారు. దాన్నొక్కదాన్నే గాజు బీరువాలో పెట్టమంటారా? పెట్టను. శాపమూ లేదు, విరుగుడూ లేదు. పడుచుది కావాలంటే ఇంకొకరి చేత గీయించుకోండి. అది ఎవరో అవుతుంది గానీ, కత్తిరాణి మాత్రం కాదు."

మైకు బల్ల మీద పెట్టేసింది. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఈలలు వేశారు. ఆ ఈలలు మెచ్చుకోలో వెక్కిరింతో ఆవిడ పట్టించుకోలేదు. పని పోయిందనే అనుకుంది. వెళ్లి దగ్గర్లోని కుర్చీలో కూర్చుంది.

కాసేపటికి ఆ కుర్చీ ముందు వరస కట్టారు, సంతకాల కోసం. అందరికంటే ముందు బట్టతలాయనే. చేతిలో ఆ ప్రత్యేక సంచికే, నలగకుండా ప్లాస్టిక్ కవరులో.

"నాకింకా నచ్చలేదు," అన్నాడు, కవరు విప్పుతూ.

"నచ్చకపోతే మానె. గుర్తుపట్టారా లేదా?"

ఆయన అట్ట వైపు చూశాడు. "దుకాణంలో వేలాడదీసి ఉంటే, రోడ్డవతలి నుంచే గుర్తుపట్టాను. అందుకే అంత ఒళ్లు మండింది."

పక్కనే నిలబడ్డ యజమాని ఆ మాట విన్నాడు. ఆయన మొహం కందగడ్డయింది. వరస ఎంత పొడుగుందో ఒకసారి చూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే నెల అట్ట ఎప్పటికిస్తారండీ?"

"శనివారానికి," అంది బొమ్మలక్క, సంతకం పెడుతూ. "ఈసారి మోకాలికి పట్టీ కూడా ఉంటుంది. ఎవరో తెలియకపోతే ఈయన్ని అడగండి."