కాపలావాళ్లకు ఉపవాసం

ఆ రోజుల్లో ఏ సంగతినైనా ఎవరికో ఒకరికి విడమరచి చెబితే తప్ప నాకు తిన్నది అరిగేది కాదు. బోధన్‌లో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్‌గా కొత్తగా చేరాను మరి! పిల్లలకు రోగనిరోధక కణాల పాఠం చెబుతున్న వారంలోనే నా కళ్లు పచ్చబడ్డాయి. పాఠం నేను చెబుతుంటే ప్రాక్టికల్స్ నా కాలేయం మొదలుపెట్టింది.

మా ఊరు కోటగిరిలో అవ్వ (మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలుస్తాం) నా కళ్లు చూసి చేతిలోని చేట కింద పడేసింది. నా చిన్నప్పుడే మా బాపు కామెర్లతో పోయాడు. ఆ పూట నుంచి ఉప్పు, కారం, నూనె బంద్. పసుపైతే డబ్బాతో సహా పక్కింటికి పోయింది (పసుపు తింటే పచ్చదనం ముదురుతుందని ఆమె నమ్మకం). ఇక మిగిలింది గంజి, చప్పిడి అన్నం. రెండు రోజులకే ఓపిక నశించి పాఠం ఎత్తుకున్నాను.

“అవ్వా, వైరస్ అంటే చెరుకు తోటల దూరిన అడవిపందులనుకో. మన ఒంట్ల కాపలోళ్లుంటరు. వాళ్లు పందులను కొట్టుడే గాదు, అవి దాగిన చెరుకు గూడా నరుకుతరు. గా నరుకుడుకే కాలేయం దెబ్బతిని కండ్లు పచ్చగైతయ్. తిండితోని గాదు.”

అవ్వ శ్రద్ధగా విన్నది. “అంటే మనోళ్లే నరుకుతున్నరా?”

“ఔ.”

“మరి గాళ్లకు నేనెందుకు బువ్వ పెడుతున్న? కడుపు మాడితే కత్తులు ఆళ్లే కింద పెడ్తరు.”

ఆ పూటతో చప్పిడి అన్నం కూడా పోయి, గంజి ఒక్కటే మిగిలింది. నా పాఠం ఒకరికి అంత బాగా తలకెక్కడం అదే మొదలు.

వారం చివర ఇద్దరం నిజామాబాద్ వెళ్లి రక్తపరీక్ష రిపోర్టు డాక్టరమ్మకు చూపించాం. నాకు సోకిన వైరస్ ఒంట్లో తిష్ఠవేసే రకమో, వచ్చిపోయే రకమో తేలాలి.

“వచ్చిపోయేదే. ఫికర్ చెయ్యకు. ఒంట్ల పోరాటం గూడా ఖతం కావచ్చింది. అన్నీ తిననియ్యి, పిల్లగాన్ని మాడ్చకమ్మా” అన్నది డాక్టరమ్మ. నేను గెలిచినవాడిలా అవ్వ వైపు చూశాను.

తిరుగు బస్సులో అవ్వ మెల్లగా అడిగింది.

“మీ బాపుకు గూడా నేను గంజే పోసిన కొడుకా. తిననిస్తే బతుకుతుండెనా?”

బాపుది ఏ రకమో ఎవరూ పరీక్ష చేయించలేదు. నాకేం తెలుసు? అయినా, “లేదవ్వా. గది తిండితోని తగ్గే జబ్బు గాదు. నీ తప్పేం లేదు” అన్నాను. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, నా భుజానికి తల ఆనించి నిద్రపోయింది.

తెలియనిది తెలిసినట్టు చెప్పడం మా వృత్తిలో కొత్తేమీ కాదు. ఆ కుర్ర లెక్చరర్ పాఠాల్లో ఎన్ని తప్పులుండేవో తలచుకుని ఇప్పుడు నవ్వుకుంటాను. ఆ బస్సులో చెప్పిన జవాబును మాత్రం ఇప్పటికీ దిద్దబుద్ధి కాదు.