ఘాలాలో నేర్చిన ఆటకి దార్సైట్‌లో పలక

మా బిల్డింగ్ గోడకి ఈమధ్య ఒక పలక వచ్చింది. నల్లరాయి, బంగారు అక్షరాలు. ఒమన్ అమ్మాయిల క్రికెట్ జట్టులో బౌలర్ చిన్నతనంలో ఉన్న ఇల్లు ఇదేనని తెలుగులో, ఇంగ్లీషులో, అరబ్బీలో రాశారు. రోజూ దాన్ని దాటుకుని డ్యూటీకి వెళ్తున్నాను, రోజూ ఒళ్ళు మండుతోంది.

ఈ ఆలోచన మా తెలుగు సంఘం అధ్యక్షుడిది. ఆయనదీ దార్సైట్ అనే ఈ పేటలో ఇదే బిల్డింగ్, నా కింది అంతస్తు. కిందటేడు అమెరికాలో తమ్ముడింటికి వెళ్ళి, బేస్‌బాల్ ఆటగాళ్ళు చిన్నప్పుడు పెరిగిన ఇళ్ళ ముందు పెట్టిన పలకలు చూసొచ్చాడు. వాళ్ళు ఆ వీధుల్లో ఆడారు, ఆ వీధివాళ్ళు తలుచుకుని పలకలు పెట్టుకున్నారు. బాగానే ఉంది. ఈయన కంటికి పలకలు ఒక్కటే ఆనాయి. వచ్చిన వారానికే మనకీ ఒకటి కావాలని మీటింగ్ పెట్టాడు.

ఆ పిల్లని పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. వాళ్ళమ్మా నేనూ ఒకే హాస్పిటల్లో నర్సులం, ఇద్దరిదీ కోనసీమే. అప్పట్లో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు. పిల్లకి ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి బంతి పిచ్చి పట్టుకుంది. స్కూల్ నుంచి రావడం, కింద పార్కింగ్‌లో గోడకేసి బంతి విసరడం. అంతే, బిల్డింగంతా ఏకమైపోయింది. కార్ల అద్దాలు పగులుతాయని ఒకరు, మధ్యాహ్నం నిద్ర పాడవుతోందని ఒకరు. అధ్యక్షుడి భార్య ఇంకో మెట్టెక్కింది. ఆడపిల్లని డ్రైవర్ల మధ్య అలా వదిలేస్తారా, ఈ నర్సులకి డ్యూటీలే గానీ పిల్లల్ని పెంచడం రాదు అని మెట్ల మీద నిలబడి మాకు వినబడేలాగే అంది. చివరికి వాచ్‌మన్‌ని పురమాయించి, పిల్లని పార్కింగ్‌లోకి దిగనివ్వకుండా చేశారు. పాపం అది బాల్కనీలో కూర్చుని ఆ ఖాళీ జాగా వంక చూస్తూ ఉండేది.

తర్వాత వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది. ఇక్కడ ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన ఇల్లూ పోయినట్టే. ఊరికి ఆ చివర షెడ్లూ గోడౌన్లూ ఉండే ఘాలాలో ఒకచోట పని దొరికి, గ్యారేజీల మధ్య టైర్ల షాపు పైనున్న గదిలోకి మారారు. సామాను దించే రోజు కిందికి వచ్చి ఒక అట్టపెట్టె పట్టుకున్న పుణ్యాత్ముడు లేడు.

ఇక్కడ సెలవు శుక్రవారం. చర్చిలో ఆరాధన అయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆ రోజు కంపెనీ బస్సులన్నీ ఆగి ఉండేవి. రెండు వరసల బస్సుల మధ్య ఖాళీ పెయింట్ డబ్బాని వికెట్‌గా పెట్టుకుని, పక్క లేబర్ క్యాంపులో ఉండే కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు ఆడుకునేవాళ్ళు. వారానికి వాళ్ళకున్న సెలవు అదొక్కటే. అందులోనే ఈ పిల్లకి చోటిచ్చారు. "గట్ల గాదు బిడ్డా, చెయ్యి మీదికెత్తి ఇడువు" అని ఒక మేస్త్రి ఓపిగ్గా చెప్పేవాడు. చిన్నపిల్ల కదా అని మెల్లగా ఆడేవాళ్ళు కాదు, కొడితే బస్సుల అవతలికే. అది పరుగెత్తి తెచ్చుకుని మళ్ళీ వేసేది. వాళ్ళమ్మ మెట్ల మీద కూర్చుని బట్టలు మడతపెడుతూ చూసేది.

మీటింగ్‌లో నేను లేచి, పెడితే పలక ఘాలాలో పెట్టండి అన్నాను. అధ్యక్షుడు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. టైర్ల షాపు ముందు ఫొటో ఏం బావుంటుంది సిస్టర్, ముఖ్య అతిథిని ఆ గ్రీజులోకి ఎలా తీసుకెళ్తాం అన్నాడు. అందరూ తలలూపారు. అప్పట్లో పిల్ల మీద ఫిర్యాదు చేసినవాళ్ళే సగంమంది.

పైగా, పిల్ల జట్టుతో వేరే దేశంలో ఆడుతోంది కాబట్టి, పలక మీది గుడ్డ తీసే తాడు వాళ్ళమ్మ చేతే లాగించాలట. ఆమె నాకు ఫోన్ చేసింది. నోట్లో నాలుక లేని మనిషి, ఎవరినీ ఒక మాట అనదు. "నేను లాగితే, నా పిల్ల ఇక్కడే ఆడుకుందని నేనే చెప్పినట్టు కదా అక్కా? ఘాలాలో దానికి ఆట నేర్పిన ఆ అన్నదమ్ములు ఏమనుకుంటారు?" అంది. వెళ్ళొద్దన్నాను. పిలిస్తే రాకపోతే పొగరంటారు, వస్తానంది. పదిమందిలో మొహమాటపడి లాగేస్తుందేమోనని నాకు ఒకటే భయం.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. మా బిల్డింగ్ ఆడవాళ్ళంతా పట్టుచీరల్లో ఉన్నారు. అధ్యక్షుడి భార్య ఆమెని కావలించుకుని, మా కళ్ళముందు ఆడుకుంటూ పెరిగిన పిల్లండీ అని ముఖ్య అతిథికి చెప్పింది. సిగ్గూ శరం ఉన్న మనిషికి ఆ మాట నోట రాదు. అధ్యక్షుడు మైకులో తనని తాను పొగుడుకోవడం అయ్యాక, తాడు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని అందుకుంది. తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"మా పిల్ల ఇక్కడ ఆడలేదండి. మీరు ఆడనివ్వలేదు. ఆడనిచ్చినవాళ్ళు ఘాలాలో ఉన్నారు."

మైకు దగ్గరే ఉంది, అందరికీ వినబడింది. ఏమవుతుందనుకున్నారు? ఏమీ కాలేదు. అమ్మగారు ఆనందంలో ఏదో మాట్లాడుతున్నారని చెప్పి, అధ్యక్షుడు తనే తాడు లాగాడు. చప్పట్లు కొట్టారు. సమోసాలు తిన్నారు. మొహాన ఉమ్మేసినా తుడుచుకుని ఫొటోకి నిలబడే రకం.

నేను ఆమెని టాక్సీ దాకా తీసుకెళ్ళాను. ఎక్కబోతూ ఆగింది.

"లాగింది నేను కాదు కదా అక్కా? అందరూ చూశారు కదా?"

"చూశారు," అన్నాను.