పెరుగు డాక్టరు మెర్లిన్

మా ఎదురింటి మెర్లిన్ సైంటిస్టు. ఏ రాకెట్లో పైకి పంపుతుందనుకునేరు, పెరుగులో ఉండే బాక్టీరియా జన్యువులను చూస్తుంది. నందిగామలో డిగ్రీ చదివే రోజుల్లో మైక్రోస్కోపు కింద వాటిని తొలిసారి చూసి మనసు పారేసుకుంది. ఆ తరవాత గుంటూరులో ఎమ్మెస్సీ, హైదరాబాదులో పీహెచ్‌డీ, అక్కడే ల్యాబులో ఉద్యోగం. పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయికి బాక్టీరియా సంతానం గురించి గంటసేపు చెప్పిందట. అతను కాఫీ తాగకుండానే లేచాడు.

మా జగ్గయ్యపేట ఎండలకు పొద్దున తోడుకున్న పెరుగు మధ్యాహ్నానికి పళ్ళు జివ్వుమనేలా పులుస్తుంది. మెర్లిన్ వాళ్ళమ్మ బేబిగారింటి పెరుగు మాత్రం రాత్రిదాకా కమ్మగా ఉండేది. అదెందుకో తేల్చడానికి ఆ పిల్ల ఏళ్ళకేళ్ళు ధారపోసింది. పులుపు పెంచే జన్యువొకటి ఆ పెరుగు బాక్టీరియాలో చెడిపోయి ఉందని కనిపెట్టి, ఒక సైన్సు పత్రికకు రాసి పంపింది. వాళ్ళు జన్యువులన్నీ మరోసారి చదివి చూపించమన్నారు. సరిగ్గా అప్పుడే ల్యాబులో ఫ్రీజరు చచ్చింది. దాంతోపాటు అందులో దాచిన బాక్టీరియా కూడా పోయింది. జన్యువులు చదివే మిషను మర్నాడు పొద్దున ఆమె వంతు. అది తప్పితే పత్రిక గడువు దాటిపోతుంది, ఇన్నేళ్ళ చాకిరీ గంగపాలవుతుంది.

అయినా మెర్లిన్ కంగారుపడలేదు. అమ్మ దగ్గర పెరుగుంది కదా అని మధ్యాహ్నం బస్సెక్కి దీపాలవేళకు ఇంట్లో దిగింది.

"అదెప్పుడో పారబోసా," అన్నారు బేబిగారు. "స్పూను పెరుగులో కోట్ల బాక్టీరియా ఉంటాయని నువ్వే చెప్పావుగా. అప్పట్నుంచీ ప్యాకెట్టు పెరుగే కొంటున్నా. దానిమీద అలాంటిదేం రాసి లేదు."

మెర్లిన్ వాకిట్లో కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ నా భార్య అహల్యా బయటికి వచ్చాం. సంగతంతా విన్నాక అహల్య తాపీగా అంది, "మా ఇంట్లో తోడు మీదే కదమ్మా. ఎప్పుడో మీ అమ్మగారే ఇచ్చారు. గిన్నెలో కాస్త పెరుగుంది."

"ఒక్క స్పూనివ్వండి ఆంటీ. హైవే మీద చిల్లకల్లులో హైదరాబాదు బస్సందుకోవాలి."

"ఇప్పుడెలా ఇస్తా? దీపాలు పెట్టాక పెరుగు గడప దాటితే లక్ష్మి పోద్ది. కావాలంటే వచ్చి అన్నం తిను."

అహల్య దగ్గర పీహెచ్‌డీలు పనిచెయ్యవు. కాపురం చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మెర్లిన్ వచ్చి నా పక్కన కూర్చుని, పెరుగన్నం చాలంది. పెరుగుతో భోజనం మొదలుపెట్టే మనిషిని అహల్య తన జన్మలో చూడలేదు. ముందు ముద్దపప్పు, దోసావకాయ వేసింది. దొండకాయ వేపుడు ఖాళీ అయితేగానీ చారు పోయలేదు. మెర్లిన్ ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను గిన్నె మీద పెట్టి గబగబా మింగుతోంది. నిజం చెప్పొద్దూ, నా రెండు కళ్ళూ గిన్నె మీదే ఉన్నాయి. అందులో పెరుగు ఒక్కరికే సరిపోతుంది, పెరుగు పడకపోతే నాకు అన్నం తిన్నట్టే ఉండదు.

చివరికి గరిటెడు పెరుగు ఆమె కంచంలో పడింది. మెర్లిన్ వెంటనే హ్యాండ్‌బ్యాగులోంచి మూతున్న ట్యూబు తీసి అందులోకి ఎత్తుకుంది. అహల్య గరిటె అడ్డం పెట్టింది.

"అదేంటి, గడప దాటిస్తున్నావా?"

"మాస్టారూ, మీరైనా చెప్పండి," అంది మెర్లిన్. ఆ మొహం చూసి నాకు జాలేసింది.

"గిన్నెలో ఉన్నంతసేపే అది మన పెరుగు," అన్నాను అహల్యతో. "కంచంలో వడ్డించాక తినేవాళ్ళది. కడుపులో పట్టుకెళ్తే ఆపవు కదా."

అహల్య అదీ నిజమేనంటూ గరిటె తీసింది. తీసి, నా వాటాతో సహా గిన్నెడూ మెర్లిన్ కంచంలో బోర్లించింది. "రేపటికి పాలు తోడేసేశాలే. ఇంకాస్త పట్టుకెళ్ళమ్మా," అంది. నేను చారన్నంతో లేచాను.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం బేబిగారు ఫోను చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. జన్యువు సరిపోయిందట, వ్యాసం అచ్చు వేస్తారట.

"మనవేనటండీ. బతికే ఉన్నాయట," అంటూ కళ్ళు తుడుచుకున్నారు. వాటిని కాలవలో పోసింది ఈవిడేనని తెలిసినా ఆ మాట ఎత్తకుండా లోపలికి రమ్మన్నాను.

తరవాత ఆవిడ కొంగుచాటునుంచి ఒక గ్లాసు బయటికి తీశారు.

"దీపాలు పెట్టకముందే వచ్చానండీ అహల్యగారూ. కాసిని బాక్టీరియా ఇస్తారా?"