రెబెకా సంచి విప్పిన రోజు

ఐనవిల్లి దగ్గరి ఆ పల్లెలో రెబెకాని ఎరగనివాళ్లు లేరు. పదేళ్లుగా పాల కేంద్రంలో పాలు కొలుస్తోంది. ఎవరి గేదె ఎంతిస్తుందో ఆ ఇంటివాళ్లకంటే ఆవిడకే బాగా తెలుసు. వేసవి వచ్చిందంటే పాలు పడిపోతాయి. పడవా మరి! కోత మిషన్లు వచ్చాక ఎండుగడ్డి చేలోనే నలిగిపోతోంది, కాలువలకి నీళ్లు కట్టేశాక పచ్చిమేత దొరకదాయె. ఇంత మాగాణి పెట్టుకుని లారీల గడ్డికి ఎదురుచూడ్డమేమిటని రెబెకాకి ఒళ్లు మండేది.

మండి మండి చివరికి తనే దిగింది. పచ్చి మొక్కజొన్నని కంకితో సహా ముక్కలు కొట్టించి, గాలి చొరకుండా సంచుల్లో తొక్కించి కట్టేసింది. అలా కట్టిన మేత నెలల తరబడి నిలవుంటుంది, దాన్ని పాతరగడ్డి అంటారు. నలభై అయిదు రోజులు మూతి విప్పకూడదు. ఆమె మాట నమ్మి తండ్రి ఇస్సాకు కౌలు చేను ఎకరన్నరలోనూ మొక్కజొన్నే వేశాడు. ఇప్పుడు కంకులు పాలు పోసుకున్నాయి. రెండు రోజులు దాటితే కాడ ముదిరిపోతుంది. కొనేవాళ్లు లేకుండా కోసి ఏం చేసుకుంటాడు?

"మా గేదెలు తింటే మీ చేనంతా నాదేనమ్మా" అన్నారు తొమ్మిది గేదెల ఆసామి బంగారరాజు గారు.

ఆ ఉదయం ఆయన పశువుల పాక దగ్గర సగం ఊరు చేరింది. రెబెకా సంచి విప్పింది. గుప్పుమని పుల్లటి వాసన!

"కుళ్లిపోయిందండీ బాబూ!" పక్కింటి చిట్టిబాబు ముక్కు మూసుకున్నాడు.

"ఆ వాసనే రావాలండీ. బూజు పిసరంతైనా ఉందేమో చూడండి!"

కానీ మొదటి గేదె మూతి పెట్టి తల తిప్పేసుకుంది. రెండోదీ అంతే. జనం కదిలిపోతున్నారు. అప్పుడు రెబెకా గేదెల పొట్టలు చూసింది. డోళ్లలా ఉన్నాయి!

"భవానీదేవి గారూ, పొద్దున్న వీటికేమైనా పెట్టేరాండీ?"

"ఆయ్, పెట్టకుండా ఎలాగమ్మా?" అన్నారు రాజుగారి భార్య. "పదిమందీ చూడ్డానికొస్తుంటే డొక్కలు కనబడితే పరువు పోదూ? తెలగపిండి కలిపి తలో రెండు బకెట్ల కుడితి పట్టించేను."

"చుట్టాలొస్తున్నారని గేదెలకి విందేమిటే!" రాజుగారు తల కొట్టుకున్నారు. అందరూ ఘొల్లుమన్నారు. రెబెకా మాత్రం నవ్వలేదు. "సాయంత్రందాకా ఇంకేమీ పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను" అని పాక ముందే స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. భవానీదేవి గారి మర్యాదని నమ్మడానికి లేదు.

నాలుగింటికి మళ్లీ మేత పోసింది. మొదటి గేదె ఈసారి తల ఎత్తితే ఒట్టు! పక్కది తాడు తెంపుకునేలా ఎగబడింది.

"మాకో పది సంచులు రాసుకోమ్మా!" అరిచాడు చిట్టిబాబు.

"ఆగవయ్యా, చేనంతా నాదన్నాను కదా!" అన్నారు రాజుగారు.

రెబెకా తండ్రికి ఫోన్ కలిపింది. "తిన్నాయి నాన్నా, తిన్నాయి! కోత మొదలెట్టు!"

"మొదలెట్టడమేంటే?" రొప్పుతూ అన్నాడు ఇస్సాకు. "నువ్వు చెప్పేక ఇంకా చూసేదేముందని, పొద్దున్నించీ కోస్తూనే ఉన్నాను."