తీగ వేసి ఉండగానే ఆగిన మిషన్

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా బతికినవాణ్ణి. ఏది ఆగినా ఎక్కడో ఒక తీగ ఊడి ఉంటుందనుకునే రకం. ఇప్పటికీ చాలావరకు అంతే. ఈ ఒక్కదానికే తీగ దొరకలేదు.

తొంభైల మధ్యలో షాద్‌నగర్ దగ్గర ఒక రేకుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. అక్కడ విదేశం నుంచి తెచ్చిన పాత మిషన్ ఒకటుండేది. ఛాతీ ఎత్తున్న ఇనుప బండి పట్టాల మీద ముందుకొచ్చి రేకును కత్తెర కిందికి నెట్టేది. దాన్ని నడిపే కంట్రోలర్ బీరువా అంత ఉండేది. అది తన మెమరీని తానే ఎప్పటికప్పుడు సరిచూసుకునేది. ఒక్క అంకె తేడా వచ్చినా మోటారుకు కరెంటు తీసేసి, బ్రేకు పట్టి, బండిని ఉన్నచోటే ఆపేసేది.

ఆ ఎండాకాలం కరెంటు కోతలు విపరీతం. మెమరీని నిలిపే బ్యాటరీ నీరసపడింది. ప్రోగ్రాం పోయేది కాదు గానీ, మిషన్ గంటకోసారి మెమరీ తప్పని చూపించి ఆగేది. కొత్త బ్యాటరీ బొంబాయి నుంచి రావాలి. మేనేజరు నా ప్రాణం తీశాడు. చివరికి ప్యానెల్‌లో ఒక తీగ వేశాను. ఇక కంట్రోలర్ ఆగమన్నా, మోటారుకు కరెంటు తీసే రిలే స్విచ్చు పడదు, బండి ఆగదు. అలా చేయకూడదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

తొందరలో ఆ తీగ కొసను వేయాల్సిన స్క్రూకు కాక దాని పక్క స్క్రూకు బిగించాను. దాంతో ఎమర్జెన్సీ ఎర్ర బటన్ కూడా పనికిరాకుండా పోయింది. అది నాకు తెలియదు. ఆ బటన్ నొక్కితే బండి మళ్లీ మొదటికి పోయి టైం దండగవుతుందని ఎవరూ నొక్కేవాళ్లు కాదు. దసరాకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకునేవాళ్లు, అంతే.

ఆ మిషన్ మీద ఆపరేటర్ నా బామ్మర్ది నర్సింలు. కోస్గి నుంచి నేనే తీసుకొచ్చి పనిలో పెట్టించాను. తండ్రి లేడు, మా అత్తకు ఒక్కడే కొడుకు. పంపేటప్పుడు “నీ చేతుల పెడుతున్న అల్లుడా, జర చూసుకో” అంది.

తీగ వేసిన మూడో రోజు, అన్నాలు తిని వచ్చాక రేకు ఇరుక్కుంది. అక్కడ అందరూ చేసేదే వాడూ చేశాడు. మిషన్ ఆపకుండా బండికీ చట్రానికీ మధ్యలోకి వంగి రేకు లాగాడు. రేకు ఊడింది. దారి ఖాళీ అయిందనుకుని బండి కదిలింది.

“బావా, ఆపు!”

పక్కనే ఉన్నాను. ఎర్ర బటన్ మీద గుద్దాను. బండి ఆగలేదు. మళ్లీ గుద్దాను. అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. మెయిన్ స్విచ్ షెడ్డుకు ఆ చివర ఉంది. పరుగెత్తాను గానీ, అందదని తెలుసు. అత్తకు ఏం చెప్పాలి అన్న ఒక్క మాటే తలలో తిరుగుతోంది.

పది అడుగులు కూడా వేయలేదు, వెనక బ్రేకు పట్టిన చప్పుడు. తిరిగి చూస్తే బండి నర్సింలు ఛాతీకి ఆనుకుని ఆగి ఉంది. చొక్కా గుండీ ఒకటి పగిలింది. వాడు ఏడుస్తున్నాడు, అంటే ఊపిరి ఉంది. వెనక్కి ఉరికి వాణ్ణి బయటికి లాగాను.

పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, కరెంటు పోలేదు. కంట్రోలర్ స్క్రీన్ మీద ‘మెమరీ తప్పు’ అని ఉంది. ప్యానెల్ తెరిచాను. రిలే పడి ఉంది. నా తీగ మాత్రం వేసినచోటే, రెండు వైపులా బిగుతుగా ఉంది. అది ఉండగా ఆ రిలే పడడానికి వీల్లేదు.

అందరినీ పంపించి, ఖాళీ బండిని అదే తీగతో ఇరవైసార్లు నడిపాను. బ్యాటరీ పీకి కావాలనే మెమరీ తప్పు తెప్పించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. బ్యాటరీ పీకకముందే ప్రోగ్రాంను కాగితం మీదున్న అసలు ప్రతితో అంకె అంకె పోల్చి చూశాను. ఒక్క తప్పూ లేదు. నీరసపడ్డ బ్యాటరీ వల్లే తప్పని చూపించిందనుకున్నా, సరిగ్గా ఆ క్షణంలోనే ఎందుకు చూపించింది? చూపించినా ఎలా ఆగింది? వోల్టేజీ పడి ఉంటుందని తర్వాత ఒక ఇంజనీరు అన్నాడు. పడితే ముందు స్క్రీన్ ఆరాలి కదా అన్నాను. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే తీగ పీకేశాను. బ్యాటరీ వచ్చేదాకా మిషన్‌ను ముట్టనివ్వలేదు. మేనేజరు తిట్టినా పడ్డాను.

మా అత్త మొక్కు తీర్చుకోవడానికి మమ్మల్ని యాదగిరిగుట్టకు తీసుకుపోయింది. మెట్ల మీద నా రెండు చేతులు పట్టుకుని “నా కొడుకును బతికిచ్చినవు బిడ్డా” అని కళ్లకద్దుకుంది. ఆ చేతులు వెనక్కి లాక్కోలేకపోయాను, నిజం చెప్పలేకపోయాను. ఆమె ఆ నమ్మకంతోనే పోయింది. నర్సింలు ఇప్పటికీ పెళ్లికీ పేరంటానికీ పదిమందిలో చెబుతాడు, ఆ రోజు బావ బటన్ గుద్ది ఆపిండని.

ఆపింది ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆగకుండా చేసింది మాత్రం నేనే.